పిల్లల్లో తీవ్రమైన ఆస్తమా: ఐసీయూలో పోరాటమంతా లోపల చిక్కుకున్న గాలితోనే

ఆస్తమా ముదిరి బిడ్డను ఐసీయూకి మార్చినప్పుడు అమ్మానాన్నల్లో చాలామందికి రెండు ప్రశ్నలు వస్తాయి. ఊపిరి ఇంత కష్టంగా ఉంటే వెంటనే వెంటిలేటర్ ఎందుకు పెట్టట్లేదు? ఒకవేళ పెడితే ఇక ఆశ వదులుకోవాల్సిందేనా? నిమోనియాతో చేరిన పక్క మంచం బిడ్డకు వచ్చిన గంటలోనే వెంటిలేటర్ పెట్టి, తమ బిడ్డ డొక్కలు ఎగరేస్తూ రొప్పుతుంటే మాస్కుతోనే నెట్టుకొస్తున్నారేమిటని కోపం కూడా వస్తుంది. ఆ కోపం సహజమే. కానీ ఆస్తమాలో ఊపిరితిత్తుల కష్టం నిమోనియాలో లాంటిది కాదు. ఆ తేడా ఒక్కటి అర్థమైతే ఐసీయూలో డాక్టర్లు చేసే పనులూ, కావాలని చేయకుండా ఆగే పనులూ చాలావరకు అర్థమవుతాయి.

గాలి లోపలికి వెళ్లలేక కాదు, బయటికి రాలేక

ఆస్తమా తీవ్రంగా వచ్చినప్పుడు చిన్న శ్వాసనాళాల్లో మూడు మార్పులు ఒకేసారి జరుగుతాయి. నాళం చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది. లోపలి పొర వాస్తుంది. చిక్కటి కళ్లె ఊరి, కొన్ని నాళాలను పూర్తిగా మూసేస్తుంది. పిల్లల నాళాలు అసలే సన్నగా ఉంటాయి కాబట్టి కొద్దిపాటి వాపు కూడా వాళ్లకు ఎక్కువే. ఒక గొట్టంలో గాలి నిదానంగా సాగుతున్నప్పుడు దాని వెడల్పు సగానికి తగ్గితే, ప్రవాహానికి అడ్డు రెట్టింపుతో ఆగదు, 16 రెట్లు అవుతుంది. ఉదయం కాస్త దగ్గుతూ ఆడుకున్న బిడ్డ రాత్రికి మాట రాని స్థితికి చేరడం వెనక ఈ లెక్క ఉంది.

గాలి పీల్చేటప్పుడు ఛాతీ విప్పారుతుంది, దాంతో నాళాలూ కాస్త తెరుచుకుంటాయి. వదిలేటప్పుడు అవి మళ్లీ ముడుచుకుంటాయి. అందుకే ఆస్తమాలో అసలు ఇబ్బంది ఊపిరి వదలడంలో. పిల్లికూతలు ముందుగా వినపడేదీ అప్పుడే. లోపలికి వెళ్లిన గాలి పూర్తిగా బయటికి రాకముందే బిడ్డ మళ్లీ పీల్చుకోవాల్సి వస్తుంది. దిగేవాళ్లు దిగకముందే ఎక్కేవాళ్లు తోసుకొచ్చే బస్సులా, ఊపిరి ఊపిరికీ ఛాతీలో గాలి పేరుకుపోతుంది.

అలా ఉబ్బిన ఛాతీ వల్ల వచ్చే కష్టాలు ఒకదాన్ని మించి ఒకటి. గుమ్మటంలా పైకి ఉండాల్సిన డయాఫ్రమ్ (ఛాతీకీ, పొట్టకూ మధ్య ఉండే ఊపిరి కండరం) కిందికి నొక్కుకుపోయి బల్లపరుపుగా మారుతుంది. అప్పుడది ఎంత లాగినా లోపలికి వచ్చే గాలి కొంచెమే. నిండుగా ఉన్న ఊపిరితిత్తులను ఇంకా సాగదీయడానికి బలం ఎక్కువ కావాలి. మెడ కండరాలు, పక్కటెముకల మధ్య కండరాలు అన్నీ రంగంలోకి దిగుతాయి. మనకు డొక్కలు ఎగరడంగా, గొంతు కింద గుంట పడటంగా కనిపించేది ఇదే. మరోపక్క, ఛాతీలో పెరిగిన ఒత్తిడి గుండెకు తిరిగి రావాల్సిన రక్తాన్ని అడ్డుకుంటుంది. ఆస్తమాలో ప్రమాదం ఒక్క ఆక్సిజన్ తగ్గడంతోనే కాదు, కండరాలు అలిసిపోవడంతోనూ, బీపీ పడిపోవడంతోనూ వస్తుందని గుర్తుంచుకోవాలి. వెంటిలేటర్ గురించి చెప్పేటప్పుడు ఇది మళ్లీ అవసరపడుతుంది.

నిశ్శబ్దంగా మారిన ఛాతీ

పిల్లికూతలు తగ్గితే బిడ్డ తేరుకున్నట్టే అనుకుంటారు. బిడ్డ హుషారుగా ఉండి, మాట్లాడుతూ, ఊపిరి వేగం కూడా తగ్గితే అది నిజమే. కానీ కూత వినపడాలంటే సన్నటి నాళంలోంచి కాస్తయినా గాలి కదలాలి. గాలి కదలడమే ఆగిపోతే కూత కూడా ఆగిపోతుంది. బిడ్డ ఇంకా రొప్పుతూనే ఉండి, స్టెతస్కోపులో ఏమీ వినపడకపోతే డాక్టర్లు దాన్ని అత్యంత ప్రమాదకరమైన లక్షణంగా చూస్తారు.

మానిటర్ మీది ఆక్సిజన్ అంకె కూడా ఇలాగే తప్పుదారి పట్టించవచ్చు. మాస్కుతో ఆక్సిజన్ ఇస్తున్నప్పుడు ఆ అంకె 95 శాతం దాటి చూపిస్తూనే ఉండొచ్చు, లోపల మాత్రం కార్బన్ డయాక్సైడ్ పెరుగుతూ పోవచ్చు. వేలికి పెట్టే క్లిప్పు ఆ రెండో సంగతి చెప్పదు. అది తెలియాలంటే రక్తంలోని వాయువుల పరీక్ష చేయాలి. ఆ రిపోర్టు చదవడంలోనూ ఒక మెలిక ఉంది. మామూలుగా ధమని రక్తంలో కార్బన్ డయాక్సైడ్ ఒత్తిడి 35 నుంచి 45 మిల్లీమీటర్ల పాదరసం మధ్య ఉంటుంది. ఆస్తమా మొదలైన కొత్తలో బిడ్డ వేగంగా ఊపిరి తీస్తుంది కాబట్టి ఇది 35 కన్నా తగ్గాలి. డొక్కలు ఎగరేస్తున్న బిడ్డకు 42 వస్తే రిపోర్టు కాగితం ప్రకారం అది నార్మలే. కానీ ఆ బిడ్డ విషయంలో అది కండరాలు అలిసిపోవడం మొదలైందనడానికి గుర్తు.

అంకెల కన్నా ముందు చూడాల్సింది బిడ్డనే. ఒక వాక్యం పూర్తిగా చెప్పగలుగుతోందా? పాలు తాగే పసిబిడ్డయితే తాగగలుగుతోందా? పడుకోలేక, చేతులు ముందుకు ఆనించి కూర్చుంటోందా? అప్పటిదాకా గింజుకుంటూ ఏడ్చిన బిడ్డ ఉన్నట్టుండి మత్తుగా, నీరసంగా అయిపోయిందా? ఈ చివరిదాన్ని ఇంట్లో కొందరు 'హమ్మయ్య, నిద్రపోయింది' అనుకుంటారు. కార్బన్ డయాక్సైడ్ పెరిగి మెదడు మందగించినా అచ్చం అలాగే కనిపిస్తుంది. ఆస్తమాలో కనిపించే చిరాకుకు గాలి అందకపోవడమే కారణం కావచ్చు. బిడ్డ స్థిమితపడటానికని ఇంట్లో నిద్రమందు ఇవ్వడం ప్రాణం మీదికి తెస్తుంది.

మొదటి గంట, ఆ తరువాత

మొదటి గంటలో చేసే వైద్యం మీద ప్రపంచమంతటా పెద్దగా భేదాభిప్రాయాలు లేవు. ఆక్సిజన్ పెడతారు. నెబ్యులైజర్‌తో సాల్బుటమాల్ ఇస్తారు, సాధారణంగా చిన్నపిల్లలకు 2.5, పెద్దపిల్లలకు 5 మిల్లీగ్రాముల చొప్పున ప్రతి 20 నిమిషాలకూ. దాంతో కలిపి, నాళాలను వేరే దారిలో తెరిచే ఇప్రట్రోపియం అనే మందు ఇస్తారు. ఇంకోపక్క స్టెరాయిడ్ మొదలుపెడతారు. సాల్బుటమాల్ బిగుసుకున్న కండరాన్ని నిమిషాల్లో వదులు చేస్తుంది కానీ వాపును తగ్గించలేదు. వాపును తగ్గించేది స్టెరాయిడే. దాని పని తెలియడానికి నాలుగు గంటలో, అంతకన్నా ఎక్కువో పడుతుంది. అందుకే బిడ్డకు ఎలా ఉంటుందో చూసి తర్వాత ఇద్దామని ఆగకుండా తొలి గంటలోనే ఇవ్వాలంటారు. వాంతి చేసుకోకుండా మింగగలిగితే నోటి ద్వారా ఇచ్చినా ఇంజెక్షన్ అంత బాగా పనిచేస్తుంది. స్టెరాయిడ్ పేరు వింటేనే భయపడే తల్లిదండ్రులున్నారు. వాళ్ల భయాన్ని తేలిగ్గా తీసిపారేయను. అయితే కొద్ది రోజులిచ్చే ఈ మందుకూ, నెలల తరబడి వాడే స్టెరాయిడ్ మాత్రలకూ చాలా తేడా ఉంది. ఇక్కడ మందు ఇవ్వడంలో జరిగే ఆలస్యంతోనే ముప్పు ఎక్కువ.

ఎక్కువమంది పిల్లలు ఈ దశలోనే తేరుకుంటారు. తేరుకోని వాళ్లకు సాల్బుటమాల్‌ను విరామం లేకుండా నెబ్యులైజర్‌తో ఇస్తూ, రక్తనాళం ద్వారా మెగ్నీషియం సల్ఫేట్ ఎక్కిస్తారు. సాధారణంగా కిలో బరువుకు 40 నుంచి 50 మిల్లీగ్రాములు, 20 నిమిషాల పాటు, ఎంత బరువున్న బిడ్డకైనా 2 గ్రాములు మించకుండా. కండరం బిగుసుకోవడానికి కావాల్సిన కాల్షియం పనికి మెగ్నీషియం అడ్డుపడుతుంది. చవకైన, పాతదైన, చాలావరకు సురక్షితమైన మందు ఇది. ఎక్కించేటప్పుడు బీపీ చూసుకుంటే చాలు. అదే మెగ్నీషియాన్ని నెబ్యులైజర్‌లో ఇస్తే అంత ఫలితం కనిపించలేదు. 2020లో కెనడా పరిశోధకులు ప్రచురించిన పెద్ద అధ్యయనంలో దానివల్ల పిల్లలు ఆసుపత్రిలో చేరాల్సిన అవసరం ఏమీ తగ్గలేదు.

మెగ్నీషియం తర్వాత ఏం చేయాలన్న దగ్గర దారులు వేరవుతాయి. కొన్ని ఐసీయూలు సాల్బుటమాల్‌నో, అదే కోవకు చెందిన టెర్బ్యుటలిన్‌నో రక్తనాళంలోకి ఎక్కిస్తాయి. కొన్ని అమైనోఫిలిన్ అనే, నాళాలను వదులుచేసే మరో మందు వైపు మొగ్గుతాయి. అమైనోఫిలిన్‌లో మేలు చేసే మోతాదుకూ, హాని చేసే మోతాదుకూ దూరం చాలా తక్కువ. మోతాదు మించితే వాంతులు, గుండె లయ తప్పడం, ఫిట్స్ రావచ్చు. అందుకే రక్తంలో దాని స్థాయి పరీక్షించుకుంటూ వాడాలి. ఈ మందుల్లో ఏది ముందు, ఏది తర్వాత అన్నదానికి అందరూ ఒప్పుకునేంత బలమైన ఆధారాలు లేవు. ఇద్దరు మంచి డాక్టర్లు రెండు వేర్వేరు మందులు ఎంచుకుంటే వాళ్లలో ఒకరికి పని తెలియదని కాదు. తమకు బాగా అలవాటున్న మందును జాగ్రత్తగా గమనిస్తూ వాడే ఐసీయూ మీద నాకు నమ్మకం ఎక్కువ.

మందే రోగంలా కనిపించినప్పుడు

ఇక్కడ కాస్త ఆగి చెప్పాల్సిన సంగతి ఒకటుంది. సాల్బుటమాల్ ఎక్కువ మోతాదులో పడితే గుండె దడ, చేతుల వణుకు వస్తాయని చాలామందికి తెలుసు. పొటాషియం పడిపోతుందనీ, చక్కెర పెరుగుతుందనీ కొందరికి తెలుసు. అంతగా తెలియనిది లాక్టేట్ సంగతి. శరీరం చక్కెరను వాడుకునేటప్పుడు తయారయ్యే పదార్థం అది. ఈ మందు ప్రభావంతో శరీరం లాక్టేట్‌ను ఎక్కువగా తయారుచేస్తుంది, రక్తం ఆమ్లంగా మారుతుంది. ఆ ఆమ్లాన్ని సరిదిద్దుకోవడానికి శరీరం కార్బన్ డయాక్సైడ్‌ను బయటికి తోలాలని చూస్తుంది. అంటే బిడ్డ ఇంకా వేగంగా రొప్పుతుంది. చూసేవాళ్లకు ఆస్తమా పెరిగినట్టు అనిపిస్తుంది. సాల్బుటమాల్ ఇంకాస్త పెంచుతారు. లాక్టేట్ ఇంకా పెరుగుతుంది, రొప్పు ఇంకా ఎక్కువవుతుంది.

ఈ చక్రంలోంచి బయటపడాలంటే ఎవరో ఒకరు ఆగి, బిడ్డ ఛాతీ మళ్లీ విని, రక్తపరీక్ష చూడాలి. ఛాతీలోకి గాలి బాగా వెళ్తూ, కూతలు తగ్గి, కార్బన్ డయాక్సైడ్ తక్కువగా ఉండి, లాక్టేట్ మాత్రం పెరిగి ఉంటే అది మందు చేసిన పని అయ్యుండొచ్చు. అప్పుడు చేయాల్సింది మోతాదు తగ్గించడం. రొప్పుతున్న బిడ్డకు ఆయాసం మందు తగ్గించడమంటే చూసేవాళ్లకు పిచ్చిపనిలా ఉంటుంది. ఐసీయూలో గంటగంటకూ రక్తం తీస్తున్నారని బాధపడే అమ్మానాన్నలకు నేను చెప్పేది ఇదే: ఆ సూదిపోట్లలో కొన్ని మందు తగ్గించడానికి కూడా పనికొస్తాయి.

సెలైన్ విషయంలోనూ ఇలాంటి తూకమే ఉంది. గంటల తరబడి రొప్పుతూ, ఏమీ తాగకుండా, వాంతులు చేసుకున్న బిడ్డ ఒంట్లో నీరు తగ్గి ఉంటుంది. దాన్ని పూడ్చాలి. అంతకు మించి పోస్తే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. ఇక యాంటీబయోటిక్స్ అయితే చాలామంది పిల్లలకు అక్కర్లేదు. ఆయాసం రేపేది ఎక్కువగా జలుబు వైరస్‌లే.

గొట్టం వేయకుండా ఎంతదూరం వెళ్లగలం

మందులు పనిచేసే లోపు కండరాలు అలిసిపోకుండా కాపాడటం ఐసీయూ చేసే అసలు పని. మందంత ముఖ్యం సమయం కూడా. స్టెరాయిడ్ పని మొదలయ్యేదాకా ఎలాగో బిడ్డను దాటించాలి. బాగా బిగుతుగా అమర్చిన మాస్కుతో బైపాప్ (గొట్టం వేయకుండా ఒత్తిడితో గాలి ఇచ్చే మిషన్) పెడితే ఊపిరి తీసే కష్టంలో కొంత భాగం మిషన్ పంచుకుంటుంది. ఊపిరి వదిలేటప్పుడు అదిచ్చే కొద్దిపాటి ఒత్తిడి నాళాలు మూసుకుపోకుండా నిలబెడుతుంది, తర్వాతి ఊపిరిని మొదలుపెట్టడం తేలికవుతుంది. ముక్కు గొట్టాల ద్వారా వేడి, తేమ కలిపిన గాలిని వేగంగా పంపే హై ఫ్లో పద్ధతి కూడా ఉంది. బిడ్డకు అది హాయిగా ఉంటుంది. తీవ్రమైన ఆస్తమాలో దాని మేలు ఎంతన్నది ఇంకా గట్టిగా తేలలేదు కాబట్టి, దాని మీద భరోసాతో బైపాప్‌ను ఆలస్యం చేయడం నాకు సరైనదిగా తోచదు.

భయపడిన బిడ్డ మాస్కు పీకేస్తుంది. ఇక్కడ అమ్మ పక్కన కూర్చుని చేయి పట్టుకోవడం నిజంగా వైద్యంలో భాగమే. అదీ సరిపోకపోతే, పూర్తి నిఘా మధ్య కెటమిన్ లాంటి మందును కొద్ది మోతాదులో ఇస్తారు. ఊపిరిని పెద్దగా అణచకుండా బిడ్డను స్థిమితపరిచే గుణంతో పాటు శ్వాసనాళాలను కొంత తెరిచే గుణం కూడా దానికుంది. హీలియం, ఆక్సిజన్ కలిపిన వాయువు మరో సాధనం. హీలియం తేలికైనది కాబట్టి ఇరుకు నాళాల్లో సుడులు తగ్గి గాలి సాఫీగా సాగుతుంది. అయితే ఆ మిశ్రమంలో 70 నుంచి 80 శాతం హీలియమే ఉండాలి. ఆక్సిజన్ ఎక్కువ కావాల్సిన బిడ్డకు అది కుదరదు.

ఇన్ని చేసినా కొందరు పిల్లలకు నోట్లోంచి గొట్టం వేసి వెంటిలేటర్ పెట్టక తప్పదు. గుండె ఆగిపోయే స్థితి, ఎంతకీ పెరగని ఆక్సిజన్, స్పృహ తప్పుతుండటం దానికి కారణాలు. కార్బన్ డయాక్సైడ్ అంకె ఒక్కటే చూసి ఎవరూ గొట్టం వేయరు. కారణం మొదట చెప్పిన ఉబ్బిన ఛాతీలోనే ఉంది. వెంటిలేటర్‌కు గాలిని లోపలికి నెట్టడం తెలుసు, బయటికి లాగడం తెలియదు. బయటికి రాక నిండిపోయిన ఊపిరితిత్తుల్లోకి ఇంకా గాలి నెడితే ఒత్తిడి పెరిగి ఊపిరితిత్తి చిల్లుపడొచ్చు. గుండెకు రక్తం చేరక బీపీ పడిపోవచ్చు. గొట్టం తగిలిన చికాకుకే నాళాలు ఇంకా బిగుసుకోవచ్చు. నిమోనియాలో తొందరగా వెంటిలేటర్ పెట్టి ఇక్కడ చివరిదాకా ఆగడం అందుకే.

గొట్టం వేశాక మిషన్‌ను ఎలా నడుపుతారన్నది ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది. నిమిషానికి 30 ఊపిర్లు ఇస్తే ఒక్కో ఊపిరికి దక్కేది 2 సెకన్లు. అందులో వదలడానికి మిగిలేది సెకనుకు కాస్త ఎక్కువ. దాన్ని 12కి తగ్గిస్తే ఒక్కో ఊపిరికి 5 సెకన్లు వస్తాయి, పీల్చడానికి 1 సెకను పోయినా వదలడానికి 4 సెకన్లు మిగులుతాయి. ఒక్కో ఊపిరిలో ఇచ్చే గాలిని కూడా కిలోకు 6 నుంచి 8 మిల్లీలీటర్లకు పరిమితం చేస్తారు. అంటే 20 కిలోల బిడ్డకు 120 నుంచి 160 మిల్లీలీటర్లు. ఇంత తక్కువగా, ఇంత నెమ్మదిగా ఇస్తే కార్బన్ డయాక్సైడ్ పెరగక మానదు. దాన్ని పెరగనిస్తారు. ఆక్సిజన్ సరిగ్గా ఉండి, రక్తం ఎంత ఆమ్లంగా ఉందో చెప్పే పీహెచ్ 7.2 దగ్గర నిలిస్తే పిల్లలు సాధారణంగా దాన్ని తట్టుకుంటారు.

రిపోర్టులో నార్మల్ అంకె కోసం పాకులాడకపోవడం అన్న ఈ ఆలోచనకు 1984లో బలం వచ్చింది. స్విట్జర్లాండ్‌కు చెందిన డారియోలి, పెరె అనే డాక్టర్లు వెంటిలేటర్ మీదికి వచ్చిన 26 మంది ఆస్తమా రోగులకు ఇలా కావాలనే తక్కువ గాలి ఇచ్చారు. కొందరికి ఒకసారికి మించి వెంటిలేటర్ అవసరపడింది, మొత్తం 34 సార్లు. ఒక్కరూ చనిపోలేదు. అది నిజానికి పెద్దల మీద చేసిన పని. పిల్లల ఐసీయూలు కూడా అదే దారి పట్టాయి. ఇప్పటికీ ఒక జాగ్రత్తను అందరికీ నేర్పుతారు: వెంటిలేటర్ మీదున్న ఆస్తమా బిడ్డకు హఠాత్తుగా బీపీ పడిపోతే ముందుగా మిషన్‌ను గొట్టం నుంచి విడదీసి, ఛాతీని నెమ్మదిగా నొక్కి చిక్కుకున్న గాలిని బయటికి పోనివ్వాలి. ఊపిరితిత్తి చిల్లుపడిందేమోనని ఆ వెంటనే చూడాలి.

అప్పటికీ లొంగకపోతే ఆపరేషన్ థియేటర్‌లో వాడే సెవోఫ్లూరేన్, ఐసోఫ్లూరేన్ లాంటి మత్తువాయువులు ఉన్నాయి. అవి నాళాలను బాగా వదులు చేస్తాయి. ఊపిరితిత్తుల పనిని తాను చేసే ఎక్మో మిషన్ ఉన్న పెద్ద కేంద్రాల్లో రక్తాన్ని బయటికి తీసి, కార్బన్ డయాక్సైడ్ తొలగించి, ఆక్సిజన్ చేర్చి, తిరిగి పంపుతారు. అక్కడిదాకా వెళ్లిన ఆస్తమా పిల్లల్లో కూడా ఎక్కువమంది బతికి బయటపడుతున్నారు. ఇలాంటి ఆస్తమా ఉద్ధృతి సాధారణంగా ఊపిరితిత్తిని శాశ్వతంగా పాడుచేయదు, కొన్ని రోజులు నిలబెడితే నాళాలు మళ్లీ తెరుచుకుంటాయి. వెంటిలేటర్ పెట్టారంటే ఆశ పోయినట్టేనా అన్న ప్రశ్నకు నా జవాబు ఇదే: సమయానికి, తెలిసిన చేతుల్లో పెడితే పిల్లల్లో చాలామంది దాని నుంచి బయటికి వస్తారు. కండరాలను కదలనివ్వని మందులు, స్టెరాయిడ్లు కలిపి ఎక్కువ రోజులు వాడాల్సి వచ్చినవాళ్లకు కాళ్లుచేతులు కొన్నాళ్లు బలహీనంగా ఉండొచ్చు. దానికి ఫిజియోథెరపీ కావాలి.

ఐసీయూ తలుపు దాటాక

ఐసీయూలో జరిగేదాని గురించి ఇంత రాశాక చెప్పకుండా ఉండలేని సంగతి ఒకటుంది. బ్రిటన్‌లో 2014లో ఆస్తమా మరణాల మీద ఒక జాతీయ సమీక్ష వెలువడింది. 195 మరణాలను ఒక్కొక్కటిగా పరిశీలించారు. వాటిలో 28 మంది 20 ఏళ్లలోపు వాళ్లు. ఆ 195 మందిలో 45 శాతం మంది వైద్యసాయం అడగకుండానో, అది అందేలోపో చనిపోయారు. అప్పటికప్పుడు ఉపశమనమిచ్చే ఇన్‌హేలర్ ఎన్నిసార్లు రాశారో లెక్క దొరికిన 165 మందిలో 65 మందికి చనిపోయే ముందు ఏడాదిలో 12కి మించి రాశారు. నెలకొకటి కన్నా ఎక్కువ. ఆయాసాన్ని అప్పటికప్పుడు అణిచే మందు అంతగా ఖర్చవుతోందంటే లోపల వాపు అలాగే ఉందని అర్థం.

అందుకే ఐసీయూ నుంచి ఇంటికి వెళ్లే బిడ్డ చేతిలో రోజూ వాడే స్టెరాయిడ్ ఇన్‌హేలర్ ఉండాలి. దాని మోతాదు మాత్రలతో పోలిస్తే చాలా తక్కువ, పనిచేసేదీ నేరుగా శ్వాసనాళాల్లోనే. స్పేసర్ (ఇన్‌హేలర్‌కు తగిలించే బోలు గొట్టం) పెట్టి ఎలా పీల్చాలో ఇంటికి పంపేముందు నర్సు ఎదుటే బిడ్డ చేత చేయించి చూడాలి, నోటిమాటగా చెబితే సరిపోదు. ఆయాసం మొదలైతే ఎన్ని పఫ్‌లు, ఎంత సేపటికి, ఎప్పుడు ఆసుపత్రికి అన్నది కాగితం మీద రాయించుకోవాలి. రాత్రి రెండింటికి భయంలో ఎవరికీ ఏదీ గుర్తుండదు. కొద్ది రోజుల్లోనే డాక్టర్‌ను మళ్లీ కలవాలి, బిడ్డ బాగా ఆడుకుంటున్నా సరే.

ఒకసారి ఆస్తమాతో ఐసీయూలో చేరిన బిడ్డకు మళ్లీ అలాంటి ప్రాణాపాయం వచ్చే అవకాశం మిగతా ఆస్తమా పిల్లల కన్నా ఎక్కువ. తర్వాత ఎప్పుడైనా ఆయాసంతో ఏ ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లినా, పేరు రాయించేటప్పుడే 'ఇంతకుముందు ఆస్తమాతో ఐసీయూలో ఉంది' అని చెప్పండి. వెంటిలేటర్ పెట్టి ఉంటే అదీ చెప్పండి. బిడ్డ అప్పటికి కాస్త బాగానే కనిపిస్తున్నా ఆ ఒక్క మాటతో వరుసలో ముందుకు తీసుకుంటారు, ఇంటికి పంపేముందు ఇంకొన్ని గంటలు ఉంచి చూస్తారు.